ఇంటర్ సెకండియర్ ఎంపీసీ పరీక్షలు: ఒక్కో పేపర్‌కి ఒక్కోలా ఎలా సిద్ధమవ్వాలి

నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. ఏటా పరీక్షలు కాగానే స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్తాను. పొద్దున 15, మధ్యాహ్నం 15, రోజుకు 30 పేపర్లు చేతికొస్తాయి. వాటి మీద పేరుండదు, ఊరుండదు. ఓఎంఆర్ షీట్‌లో ఆ భాగం ముందే చింపేసి ఉంటుంది కాబట్టి ఆ అమ్మాయి రాత్రి రెండింటి దాకా కూర్చుందో, ఆ అబ్బాయి రోజూ ఇరవై కిలోమీటర్లు బస్సులో వచ్చి చదివాడో నాకు తెలిసే దారే లేదు. కాగితం మీద ఏముందో అదే. మధ్యలో టీ తాగడానికి లేచినప్పుడు ఫిజిక్స్ వాళ్లు, కెమిస్ట్రీ వాళ్లు, మేము అందరం అనుకునే మాట మాత్రం ఒకటే: పిల్లలకి విషయం తెలుసు, కానీ మార్కు పడేలా రాయలేదు.

దానికి కారణం నాకు ఏళ్ల తరబడి కనిపిస్తున్నది ఇదీ. చాలామంది పిల్లలు ఆరు పేపర్లనీ ఒకే తీరున చదువుతారు. పుస్తకం తెరవడం, చదవడం, అండర్‌లైన్ చేయడం, మళ్లీ చదవడం. లెక్కల పేపర్‌లో మార్కు పడే చోటు వేరు, ఫిజిక్స్‌లో వేరు, కెమిస్ట్రీలో వేరు, సంస్కృతంలో పూర్తిగా వేరు. ఆ చోటు ఎక్కడుందో తెలుసుకుని, దాన్నిబట్టి ప్రిపేర్ అవ్వడం ఎలాగో అడుగడుగునా చెప్తాను. తెలంగాణ బోర్డు ఎంపీసీ, 2025 మార్చి పరీక్షల దాకా నడిచిన పద్ధతి ఆధారంగా రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 ఫస్టియర్ బ్యాచ్ నుంచి లెక్కలు ఎ, బి కలిపి ఒకే పేపర్ చేశారు, మార్కుల లెక్క కూడా మారింది, కాబట్టి అక్కడి పిల్లలు తమ బోర్డు మోడల్ పేపర్ పక్కన పెట్టుకుని చదవండి. చదివే పద్ధతి మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది.

మొదట: మార్కులు ఎక్కడెక్కడున్నాయో చూడండి

సెకండియర్ మొత్తం 530. ఇంగ్లిష్ 100, సెకండ్ లాంగ్వేజ్ 100, మ్యాథ్స్ 2ఎ 75, 2బి 75, ఫిజిక్స్ 60, కెమిస్ట్రీ 60, రెండు ప్రాక్టికల్స్ కలిపి 60. ఒకసారి ఈ అంకెల్ని నిదానంగా చూడండి. రెండు భాషలూ కలిపి 200, ఫిజిక్స్ కెమిస్ట్రీ థియరీ రెండూ కలిపితే 120. అయినా జనవరి దాకా ఇంగ్లిష్ టెక్స్ట్‌బుక్ తెరవని పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు.

లెక్కల పేపర్‌లో రెండు మార్కులవి 10, అన్నీ రాయాలి. నాలుగు మార్కులవి ఏడు ఇస్తే ఐదు, ఏడు మార్కులవి ఏడు ఇస్తే ఐదు రాయాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీల్లో రెండు మార్కులవి 10, నాలుగు మార్కులవి ఎనిమిదిలో ఆరు, ఎనిమిది మార్కులవి మూడింట్లో రెండు. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, రెండు మార్కుల ప్రశ్నల్లో ఛాయిస్ లేదు. ఫిజిక్స్‌లో 60కి 20 మార్కులు అవే. అంటే మూడో వంతు. పెద్ద ప్రశ్నల వెనక పరిగెత్తి చిన్నవి వదిలేసేవాళ్లు నష్టపోయేది ఇక్కడే.

"జేఈఈ రాస్తున్నాను కదా సార్, ఐపీఈ (ఇంటర్ బోర్డు పరీక్ష) ఎందుకు" అనే ప్రశ్న ఏటా వస్తుంది. జేఈఈ ద్వారా ఎన్ఐటీలో సీటు కావాలంటే ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, లేదా మీ బోర్డు టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం. ఆంధ్రప్రదేశ్ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ కూడా ఉంది. తెలంగాణలో వెయిటేజీ తీసేశారు కానీ అర్హత మార్కులు అక్కడా కావాలి. కాబట్టి ఐపీఈని పక్కన పడేయకండి.

రెండోది: మీ పరిస్థితి రాసుకోండి

ఒక తెల్ల కాగితం తీసుకుని నాలుగు సబ్జెక్టుల చాప్టర్ల పేర్లు రాయండి. ప్రతి పేరు పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: పుస్తకం మూసి రాయగలను, చూస్తే అర్థమవుతుంది, అసలు రాదు. ఈ పని నిజాయితీగా చేస్తే అరగంట పడుతుంది. చాలామందికి తేలేదేంటంటే, రాదు అనుకున్నవి తక్కువే ఉంటాయి, "చూస్తే అర్థమవుతుంది" అనేవే కుప్పలుగా ఉంటాయి. మార్కులు పోయేది ఈ కుప్పలోనే. ఇంట్లో చూసినప్పుడు అన్నీ వచ్చినట్టే ఉంటుంది, హాల్లో మొదటి లైన్ గుర్తుకురాదు. మొదటి నెల పనంతా ఈ రెండో గుర్తుని మొదటి గుర్తుగా మార్చడమే అనుకోండి. అసలు రాని చాప్టర్ల సంగతి తర్వాత.

లెక్కలు: చేయి అలవాటు పడాలి

2ఎలో ఏడు మార్కుల ప్రశ్నలు ఎక్కువగా డిమోయర్ సిద్ధాంతం, సమీకరణ వాదం, ద్విపద సిద్ధాంతం, విస్తరణ కొలతలు, సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు, వీటి నుంచి వస్తాయి. 2బిలో వృత్తాలు, పరావలయం, సమాకలనాలు, నిశ్చిత సమాకలనాలు, అవకలన సమీకరణాలు. బలహీనంగా ఉన్నవాళ్లు 2ఎలో విస్తరణ కొలతలతో మొదలుపెట్టండి. అందులో కొత్తగా ఆలోచించాల్సిందేం లేదు, పట్టిక వేసి కూడికలు తప్పుల్లేకుండా చేస్తే ఏడు మార్కులు మీవి. కానీ ఒక్క చోట జాగ్రత్త: విచలనాల వర్గాలని పౌనఃపున్యంతో గుణించి కూడాలి, మొత్తం కూడిన తర్వాత వర్గం చేయకూడదు. ఈ ఒక్క తప్పుతో పట్టికంతా సరిగ్గా వేసి చివరి జవాబు పోగొట్టుకున్న పేపర్లు నేను చాలా దిద్దాను.

ఇప్పుడు ఒక లెక్కని దగ్గరగా చూద్దాం. (1, 1), (-6, 0), (-2, 2), (-2, -8) బిందువులు ఒకే వృత్తం మీద ఉన్నాయని చూపండి. తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకం చదివిన ప్రతి పిల్లవాడికీ ఇది తెలిసిన లెక్కే. మొదట వృత్తం సాధారణ సమీకరణం, x² + y² + 2gx + 2fy + c = 0, రాయాలి. చాలామంది మనసులో అనుకుని నేరుగా విలువలు పెట్టేస్తారు, అలా చేయకండి, ఆ లైన్‌కి మార్కుంది. తర్వాత మొదటి మూడు బిందువులు పెడితే మూడు సమీకరణాలు వస్తాయి, వాటిని సాధిస్తే జీ విలువ 2, ఎఫ్ విలువ 3, సీ విలువ -12. వృత్తం సమీకరణం రాశారు. ఇక్కడ దాకా చక్కగా వచ్చి, కింద గీత గీసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతారు! ప్రశ్న అడిగింది వృత్తం కనుక్కోమని కాదు కదా. నాలుగో బిందువు ఆ వృత్తం మీద ఉందో లేదో చూపాలి. (-2, -8) పెట్టండి: 4 + 64 - 8 - 48 - 12 = 0. "కాబట్టి నాలుగు బిందువులూ చక్రీయాలు" అని ఒక వాక్యం రాయండి. ఆ రెండు లైన్లు రాయకపోతే వచ్చిన లెక్కకి కూడా పూర్తి మార్కులు వేయలేం, మా చేతిలో ఉండదు.

అందుకే లెక్కలకి నేను చెప్పే పద్ధతి ఇది. సాధించిన లెక్కని చదవొద్దు. ఒకసారి చూసి, పుస్తకం మూసి, గడియారం పెట్టుకుని రాయండి. ఏడు మార్కుల లెక్కకి 15 నిమిషాలు. ఆగిపోతే ఆగిన లైన్ దగ్గర ఎర్ర పెన్నుతో చుక్క పెట్టి, పుస్తకంలో ఆ ఒక్క లైన్ చూసి, మళ్లీ మొదటి నుంచి రాయండి. మొదటి నుంచి అన్నానని విసుక్కోకండి, సగం నుంచి అందుకుంటే సగమే వస్తుంది. మూడు రోజుల తర్వాత అదే లెక్క చుక్క లేకుండా వస్తే దాన్ని వదిలేసి తర్వాతిది తీయండి. సూత్రాలు గోడకి అంటించుకోవడం మంచిదే, కానీ వారానికోసారి వాటిని చూడకుండా ఒక కాగితం మీద రాస్తేనే ఉపయోగం.

ఫిజిక్స్: బొమ్మ, సూత్రం, యూనిట్

ఎనిమిది మార్కుల ప్రశ్నలకి తరంగాలు, విద్యుత్ ప్రవాహం, కేంద్రకాలు, ఈ మూడు చాప్టర్లు గట్టిగా పట్టుకోండి. తెరిచిన గొట్టం, మూసిన గొట్టం, డాప్లర్ ప్రభావం, కిర్కాఫ్ నియమాలు, వీట్‌స్టన్ బ్రిడ్జి, పొటెన్షియోమీటర్, న్యూక్లియర్ రియాక్టర్. ఇవి ఏ పాత ప్రశ్నపత్రాలు తిరగేసినా కనిపిస్తాయి. నాలుగు మార్కులకి సెమీకండక్టర్లు సులువు: రెక్టిఫయర్ సర్క్యూట్ గీసి, ఇన్‌పుట్ అవుట్‌పుట్ తరంగాలు వేసి, పని చేసే తీరు నాలుగు వాక్యాల్లో చెప్తే చాలు.

ఫిజిక్స్ వాళ్లు ఎప్పుడూ బాధపడేది బొమ్మల గురించి. డెరివేషన్ అంతా రాస్తారు, బొమ్మ వేయరు, లేదా వేసి పేర్లు పెట్టరు. దాంతో కింద రాసిన అక్షరాలు దేన్ని సూచిస్తున్నాయో దిద్దేవాళ్లకి అర్థం కాదు. కాబట్టి ప్రతి డెరివేషన్‌నీ మూడు ముక్కలుగా ప్రాక్టీస్ చేయండి. ముందు పెన్సిల్‌తో బొమ్మ. తర్వాత మనం ఏం అనుకుంటున్నామో చెప్పే రెండు లైన్లు. ఆ తర్వాత లెక్క. డెరివేషన్ మధ్యలో మర్చిపోతే చివరి సూత్రం రాసి అది దేన్ని చెప్తుందో రాయండి, ఖాళీగా మాత్రం వదలకండి.

పెద్ద ప్రశ్న చివర ఒక చిన్న లెక్క తగిలిస్తారు. ఉదాహరణకి, 70 సెంటీమీటర్ల, ఒక చివర మూసిన గొట్టం, ధ్వని వేగం సెకనుకి 331 మీటర్లు, ప్రాథమిక పౌనఃపున్యం ఎంత? వేగాన్ని పొడవుకి నాలుగు రెట్లతో భాగించాలి, అంటే 331 ని 2.8తో భాగిస్తే సుమారు 118.2 హెర్ట్జ్. 70 సెంటీమీటర్లని 0.7 మీటర్లుగా మార్చకపోతే జవాబు 1.18 వస్తుంది. సెకనుకి ఒక్కసారి ఊగేది మన చెవికి శబ్దంగా వినపడదు కదా, అలాంటి అంకె రాగానే చేయి ఆగాలి. ఇలా జవాబు చూసి "ఇది జరిగే పనేనా" అని ప్రశ్నించుకోవడం ఇంటి దగ్గరే అలవాటు చేసుకోండి. హెర్ట్జ్ అని రాయడం మర్చిపోవద్దు.

కెమిస్ట్రీ: మూడు రకాల సబ్జెక్టు ఒకే పుస్తకంలో

కెమిస్ట్రీని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే వేగంతో చదివేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. అది మూడు పుస్తకాలు. ఫిజికల్ కెమిస్ట్రీ అంటే ద్రావణాలు, విద్యుత్ రసాయనం, రసాయన గతిశాస్త్రం: వీటిని లెక్కల్లాగే రాసి నేర్చుకోవాలి. ఇనార్గానిక్‌ని రోజూ కొంచెం కొంచెం, తెల్లారగట్ల ఇరవై నిమిషాలు, నెలల తరబడి చదవాలి, చివరి వారంలో కూర్చుని మింగేద్దామంటే కుదరదు. ఆర్గానిక్‌లో ఒక పదార్థం నుంచి ఇంకో పదార్థానికి దారులు ఉంటాయి, వాటిని పెద్ద చార్ట్ మీద బాణాలతో గీసుకోవాలి. ఆల్డాల్, కానిజారో, రీమర్-టీమన్, కోల్బే, విలియంసన్ చర్యలు పేరు చెప్పగానే సమీకరణం చేతిలోంచి రావాలి.

ఇనార్గానిక్‌లో బట్టీ తగ్గాలంటే ప్రతి తయారీ పద్ధతికీ "ఎందుకు" అని ఒక ప్రశ్న వేసుకోండి. సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారుచేసే స్పర్శ విధానంలో సల్ఫర్ ట్రైయాక్సైడ్‌ని నేరుగా నీళ్లలో ఎందుకు కలపరు? కలిపితే దట్టమైన ఆమ్లపు పొగమంచు లేస్తుంది, అది అంత తేలిగ్గా అణగదు. అందుకే 98 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి ఓలియం చేసి, తర్వాత నీళ్లు కలుపుతారు. ఈ కారణం ఒక్కటి బుర్రకెక్కితే మూడు మెట్లూ వరసగా అవే గుర్తొస్తాయి. అక్కడ ఉత్ప్రేరకం వనేడియం పెంటాక్సైడ్ అని, అమ్మోనియా తయారుచేసే హేబర్ విధానంలో ఇనుమని తారుమారు కాకుండా రెండూ పక్కపక్కనే ఒకే పేజీలో రాసుకోండి.

మా కాలేజీలో ఒక అమ్మాయి ఉండేది. కెమిస్ట్రీ పైకి చదివేది, హాస్టల్ కారిడార్ అంతా వినిపించేది. ఫస్టియర్‌లో 60కి 29 వచ్చాయి. ఏడ్చింది. తనకి చెప్పింది ఒక్కటే: చదివిన ప్రతి పేజీకి సగం పేజీ చూడకుండా రాయి, సమీకరణాలు తుల్యం చేయి, పక్కన పరిస్థితులు వేయి. మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాసే ఇంప్రూవ్‌మెంట్ పరీక్షలో 52 తెచ్చుకుంది. చదివిన గంటలు పెరగలేదు, ఇంకా తగ్గాయి కూడా.

రెండు మార్కులకి పాలిమర్లు, నిత్యజీవితంలో రసాయనాలు మంచి చాప్టర్లు. నిర్వచనం ఒక వాక్యం, ఉదాహరణ ఒకటి. రెండు ఉదాహరణలు అడిగితే రెండూ ఇవ్వండి.

ఇంగ్లిష్, సెకండ్ లాంగ్వేజ్

వారానికి రెండు గంటలు చాలు, కానీ ప్రతి వారం. ఇంగ్లిష్‌లో పాఠాల సారాంశం మీ సొంత చిన్న వాక్యాల్లో రాయడం నేర్చుకోండి, గైడ్‌లోని పెద్ద పెద్ద మాటలు సగం గుర్తుండి సగం మర్చిపోతే వాక్యం చెడిపోతుంది. గ్రామర్, ఉత్తరం, రెజ్యూమె, పై-చార్ట్‌ని (వృత్తాన్ని ముక్కలు చేసి అంకెలు చూపే బొమ్మని) వాక్యాల్లోకి మార్చడం, ఇవి ఒక్కొక్కటి పదిసార్లు రాస్తే చేతికొచ్చేస్తాయి. సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకున్నవాళ్లు శ్లోకాలు అక్షరదోషాలు లేకుండా రాయండి. తెలుగు తీసుకున్నవాళ్లు, మీరంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం, పద్యం పాదం తప్పకుండా రాసి ప్రతిపదార్థం పట్టికలా కాకుండా పదం పదం విడగొట్టి రాయండి. సంధులు, సమాసాల మార్కులు లెక్కల మార్కుల్లాంటివి, తప్పులేకపోతే పూర్తిగా వస్తాయి.

ప్రాక్టికల్స్: చేతికందే 60 మార్కులు

రికార్డు పూర్తి చేయడం వేరు, ప్రయోగం చేతులారా చేయడం వేరు. ల్యాబ్‌లో ముగ్గురు చేస్తుంటే వెనక నిలబడి రీడింగులు కాపీ చేసుకుంటే పరీక్ష రోజు చేతులు వణుకుతాయి. పొటాషియం పర్మాంగనేట్ టైట్రేషన్ చూడండి: బ్యూరెట్‌లో మామూలు ద్రావణానికి నీటి మట్టం కింది వంపు చూసి రీడింగ్ తీస్తాం, పర్మాంగనేట్ ముదురు రంగు కాబట్టి కింది వంపు కనపడదు, పై అంచు దగ్గర రీడింగ్ తీయాలి. చివర్లో ఒక్కో చుక్కే వదులుతూ, లేత గులాబీ రంగు నిలిచిన క్షణమే ఆపాలి. ముదురు గులాబీ వచ్చిందంటే దాటిపోయినట్టే.

లవణ విశ్లేషణలో నైట్రేట్‌కి గోధుమ వలయ పరీక్ష చేసేటప్పుడు ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం అప్పటికప్పుడు తయారు చేసుకోండి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పరీక్షనాళిక వంచి గోడ వెంట నెమ్మదిగా జారవిడవండి, కుదపకండి. రెండు పొరలు కలిసే చోట గోధుమ రంగు ఉంగరంలా వస్తుంది. కుదిపితే ఆ వలయం చెదిరిపోతుంది.

ఆఖరి నలభై రోజులు

వారానికి రెండుసార్లు, పొద్దున సరిగ్గా తొమ్మిదింటికి కూర్చుని మధ్యాహ్నం పన్నెండు దాకా ఒక పూర్తి పేపర్ రాయండి. అసలు పరీక్ష సమయం అదే కాబట్టి మెదడు ఆ వేళకి అలవాటు పడుతుంది. లెక్కలకి నేనిచ్చే సమయం లెక్క: రెండు మార్కులవి పదీ 40 నిమిషాలు, నాలుగు మార్కులవి ఐదూ 45, ఏడు మార్కులవి ఐదూ 75. మొత్తం 160. మిగిలిన 20 నిమిషాలు సరిచూసుకోవడానికి.

రాశాక మీరే దిద్దుకోండి, లేదా స్నేహితుడితో మార్చుకోండి. ప్రతి తప్పు పక్కన అది ఎందుకు పోయిందో రాయండి: తెలియకనా, మర్చిపోయా, తొందరలోనా, టైమ్ చాలకనా. నాలుగు పేపర్లు అయ్యేసరికి మీ రోగం ఏంటో మీకే తెలిసిపోతుంది. తొందరలో పోతున్నవాడు ఇంకో రెండు గంటలు ఎక్కువ చదివి లాభం లేదు, అతను నెమ్మదిగా రాయడం నేర్చుకోవాలి. తెలియక పోతున్నవాడికి కొత్త చాప్టర్ కావాలి.

నిద్ర ఆరు గంటలకి తగ్గించొద్దు. అమ్మానాన్నలకి కూడా ఒక మాట: పక్కింటి పిల్లల మార్కులు ఈ నలభై రోజులూ ఇంట్లో ఎత్తకండి. పిల్లవాడు అన్నం తినకపోయినా, మాట్లాడటం మానేసినా "పరీక్షల టెన్షన్ లే" అని వదిలేయకుండా పక్కన కూర్చోండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అవసరం లేదు. పిల్లలూ, ఆ నంబర్ మీ ఫోన్‌లోనూ వేసుకోండి, సిగ్గుపడాల్సిందేం లేదు.

పరీక్ష రోజు

సెంటర్‌ని ముందు రోజే వెళ్లి చూసి రండి. ఎనిమిదింపావుకల్లా అక్కడ ఉండండి. ఓఎంఆర్ షీట్ మీద మీ పేరు, సబ్జెక్టు, మీడియం సరిగ్గా ఉన్నాయో చూశాకే సంతకం చేయండి, వేరే పేపర్ షీట్ వస్తే వెంటనే ఇన్విజిలేటర్‌కి చెప్పండి. జవాబులన్నీ 24 పేజీల బుక్‌లెట్‌లోనే సర్దుకోవాలి, అదనపు కాగితాలు ఇవ్వరు, కాబట్టి ఒక పేజీలో నాలుగే లైన్లు రాసే అలవాటుంటే ఇప్పుడే మానుకోండి. రెండు మార్కులవి పదీ ఒకే చోట వరసగా రాయండి, ఒకటి ఇక్కడ ఒకటి చివర రాస్తే వెతకాల్సి వస్తుంది. ప్రశ్న నంబర్ మార్జిన్‌లో స్పష్టంగా వేయండి. కొట్టేయాలంటే ఒక్క గీతతో కొట్టేయండి. ఛాయిస్ ఉన్న చోట సమయం మిగిలితే ఒకటి ఎక్కువ రాయండి, అన్నీ దిద్ది బాగా వచ్చినవే లెక్కలోకి తీసుకుంటాం.

బయటికొచ్చాక గేటు దగ్గర కీ సరిచూసుకోకండి. ప్రశ్నపత్రం మడిచి బ్యాగులో అడుగున పెట్టి, ఇంటికెళ్లి తిని గంట పడుకుని, సాయంత్రం నాలుగింటికి తర్వాతి పేపర్ తీయండి. ఫలితాల తర్వాత మార్కులు మీరు అనుకున్నదానికి చాలా దూరంగా ఉంటే, రీకౌంటింగ్‌కి, జవాబు పత్రం కాపీ తీసుకుని రీవెరిఫికేషన్‌కి దరఖాస్తు చేసే వీలుంది. గడువు కొద్ది రోజులే ఉంటుంది, కాబట్టి ఆ హాల్‌టికెట్ అప్పటిదాకా పారేయకండి.